ముఖాలు తుడిచిన టచింగమ్మ

ఆ రోజు స్టూడియోలో జరిగిన రభస నా కళ్లారా చూశాను. నేను రేషను కార్డు కోసం ఫోటో దిగుదామని వెళ్లాను. ఒక తల్లి, పరీక్ష రాయబోయే కూతుర్ని హాల్ టికెట్ ఫోటోకి వెంటేసుకొచ్చి ఒకటే నస. "ఆ పుట్టుమచ్చ తీసెయ్యండి. రంగు పెంచండి. ముక్కు కాస్త సన్నం చెయ్యండి." ఓనరు చేతులు నలుపుకుంటూ "అలాగేనమ్మా, అలాగే" అంటున్నాడు. కాసేపటికి లోపలి గది పరదా తోసుకుని టచింగమ్మ బయటికొచ్చింది.

"చేశాను. మీ అమ్మాయిది ఏరుకోండి" అని బల్ల మీద ఆరు చిన్న ఫోటోలు పరిచింది. అన్నీ మెడ దాకా కత్తిరించిన ఆడపిల్లల ముఖాలే. అన్నీ ఆ వారం నున్నగా తుడిచినవే.

తల్లి వేలు ఇటు తిరిగింది, అటు తిరిగింది, చివరికి ఒకదాని మీద వాలింది. "ఇదే."

"అది బేకరీ ఆయన కూతురమ్మా. కన్నతల్లివి, నీకే తెలియలేదు. పరీక్ష గేటు దగ్గర కూర్చున్నవాడికి తెలుస్తుందా?"

పిల్ల ఫక్కున నవ్వింది. తల్లి ముఖం మాడిపోయింది. మచ్చ ఉన్న ఫోటోనే పట్టుకుపోయారు.

ఫోటోల్లో ముఖాలు సాపు చేస్తుంది కాబట్టి టచింగమ్మ అన్నారు. అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఎడమ కణత నుంచి దవడ దాకా సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ ఆమెకి, పుట్టుకతో వచ్చింది. అందుకే ఓనరు ఆమెని పరదా వెనక కూర్చోబెట్టాడు. ఊరందరి ముఖాలూ దిద్దే చెయ్యి కావాలి వాడికి. ఆ చెయ్యి ఉన్న మనిషి ముఖం మాత్రం గిరాకీకి కనపడకూడదు. సిగ్గులేనివాడు! మొదట నెగెటివ్ మీద పెన్సిలుతో, తర్వాత కంప్యూటర్లో, మొత్తం ఇరవై ఆరేళ్లు చేసిందా పని.

పక్క గదిలోనే నా కుట్టు మిషను. మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని నా దగ్గరే తినేది. ఒకసారి ఆమెకి పాత పుస్తకాల బండి మీద మూడు లావుపాటి పుస్తకాలు దొరికాయి, ఒకే కథ మూడు భాగాలుగా, పదహారేళ్ల పిల్లల కోసం రాసినవి. నాకు కూడబలుక్కుని చదవడమే వచ్చు. ఆమె చదువుతుంటే నేను కాజాలు కుట్టుకుంటూ వినేదాన్ని.

ఆ కథలో ఒక నగరం. ఏటా ఒక ముఖాన్ని ఎన్నుకుంటారు. పదిహేనేళ్లు నిండిన పిల్లలందరికీ ఆ ముఖమే చెక్కుతారు. తల్లులు పిల్లల్ని గుర్తుపట్టాలంటే మణికట్టుకి కట్టిన నంబరు చూసుకోవాలి.

"బాగుంది సంబడం! ఒంటికి బట్ట కుట్టడం మానేసి, బట్టకి సరిపడా ఒళ్లు కోసినట్టుంది" అన్నాను.

రెండో పుస్తకం సగంలో ఆ ముఖాలు చెక్కే పనివాళ్ల సంగతి వచ్చింది. వాళ్లేం రాక్షసులు కారు. పొద్దున్నే డబ్బా పట్టుకొచ్చి, పని చేసుకుని, ఇంటికి పోయేవాళ్లు. టచింగమ్మ చదువుతున్నది ఆపి, పుస్తకం నా మిషను మీదికి విసిరికొట్టింది. సూది విరిగింది.

"నేనే కదక్కా అది!"

"నీకేం పూనింది? కథే కదా."

"మా అన్నయ్య కూతురికి కూడా నాలాగే మచ్చ ఉంది కదా. మొన్న మా వదిన దాని ఫోటో పంపి, మచ్చ లేకుండా చెయ్యి, డాక్టరుకి చూపించి ఇలాగే కావాలని అడగాలి అంది. ఆ రోజు నలభై ఫోటోలున్నాయి. మచ్చ కనపడింది, తుడిచేశాను. ఎవరి ముఖమో ఆగి ఆలోచించనైనా లేదక్కా. నాలుగు నిమిషాల్లో పంపేశాను."

వదిన దానికి ఫ్రేము కట్టించి పిల్ల గదిలో తగిలించిందట. పద్నాలుగేళ్ల పిల్ల. ఆ రోజు నుంచి జుట్టు చెంప మీదికి లాక్కోకుండా గదిలోంచి బయటికి రావడం లేదు. మేనత్త వెళ్తే తలుపు తీయలేదు. మచ్చ తీయించడానికి వచ్చే సోమవారమే ఆస్పత్రి. నీకేం కావాలే అని ఆ పిల్లని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "స్టూడియోలో ఎవరి పిల్ల కోసమో అంత గొడవపడ్డావు! నీ పిల్ల దగ్గరికొచ్చేసరికి నీ కళ్లేమయ్యాయే? చేతికి బుద్ధి లేకపోతే తలకైనా ఉండొద్దూ?" అని దులిపేశాను. అప్పుడు గుర్తొచ్చింది: ఆ వదినే రెండేళ్లుగా ఆ పిల్ల గౌన్లకి దవడ దాకా కాలరు కుట్టమంటోంది. ఎందుకని అడక్కుండా కుట్టిపెట్టిన మహాతల్లిని నేనే. తిట్టడం ఆపి, విరిగిన సూది ఊడదీయసాగాను.

"అయిందా తిట్టడం?" అంది టచింగమ్మ. "అయితే విను. రేపు కొలతలకి ఆ ఇంటికి వెళ్తున్నావుగా. నువ్వు తలుపేసుకుని కొలతలు తీస్తావు, వదిన లోపలికి రాదు. ఆ ఫోటో చేసింది అత్తేనని, తప్పు చేసిందని దానికి చెప్పు. తర్వాత మచ్చ ఉంచుకుంటావా, తీయించుకుంటావా అని అడుగు. ఎటూ నెట్టకు, ఊరికే అడుగు. తీయించుకుంటానంటే నోరు మూసుకుని వచ్చేయ్, నేనూ మూసుకుంటాను. వద్దని అందో, ఇప్పుడు నన్ను తిట్టిన ఆ నోరు నాకు కావాలక్కా. వాళ్ల హాల్లో నిలబడి, మా అన్నయ్యకీ వదినకీ వినపడేలా, వీధి వీధంతా వినపడేలా, పిల్ల వద్దంటోందని అరిచి చెప్పు."