పూజనాడు ఆగిన జీపు

ఆ రోజుల్లో మా ఖరగ్‌పూర్‌లో పాత మిలిటరీ జీపు కొనుక్కున్నవాణ్ణి పిచ్చోడు అనేవారు. ఇప్పుడు అదే పిచ్చిని అభిరుచి అంటున్నారు. దానికో క్లబ్బు, క్లబ్బుకో టోపీ, టోపీ పెట్టుకోవడానికి ఏడాదికో చందా. నాకు ఒళ్ళు మండేది అక్కడే. (నాకు ఒళ్ళు మండటానికి పెద్ద కారణం అక్కర్లేదని మా ఆవిడ అంటుంది. ఆవిడ మాట పక్కన పెట్టండి.) మా మావయ్య కొన్న జీపు యుద్ధకాలం నాటిది. మిలిటరీ వేలంలో అమ్ముడై, చేతులు మారి మారి, మా ఊళ్ళోనే మలంచా వైపు ఒక గోడ పక్కన తీగలు అల్లుకుని పడి ఉండేది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరైన మావయ్య, ఆయన స్నేహితులైన మరో ముగ్గురు ఫిట్టర్లు కలిసి దాన్ని తుక్కు ధరకి కొని ఇంటిదాకా తోసుకొచ్చారు. నేను అదే వర్క్‌షాపులో కొత్త అప్రెంటిస్‌ని. ఆదివారాలు కిరోసిన్‌లో నట్లు కడగడం, వాళ్ళ చేత తిట్లు తినడం నా పని.

జీపు సామాను గోల్‌బజార్‌లో పాత ఇనప కొట్టు నడిపే ఒక బెంగాలీ దాదా (అక్కడ అన్నని అలాగే పిలుస్తారు) దగ్గర కిలోల లెక్కన దొరికేది. దొరకనిది మావయ్యే చేసేవాడు. బానెట్ గొళ్ళెం విరిగిపోతే, ఆ కొట్టులోనే పడి ఉన్న పాత రైలుపెట్టె కిటికీ గొళ్ళేన్ని ఆకురాయితో అరగదీసి బిగించాడు. అలా రెండేళ్ళు బాగానే సాగింది. ఈలోగా కలకత్తా షావుకార్లకి ఈ అభిరుచి పుట్టుకొచ్చింది, దానికో క్లబ్బు కూడా వెలిసింది. ఒక ఆదివారం మేం వెళ్ళేసరికి కార్బురేటర్ అద్దాలపెట్టెలో కూర్చుని ఉంది.

“ఏటి దాదా, మొన్నటిదాకా తూకం ఏసి ఇచ్చినావు, ఇప్పుడు అద్దాల్లో ఎట్టినావేటి?” అన్నాడు మావయ్య.

“అబ్ యే లోహా నహీ హై దాదా, యాంటిక్ హై,” అన్నాడు దాదా, కొంచెం సిగ్గుపడుతూనే. ఇప్పుడది ఇనుము కాదట, పురాతన వస్తువట.

ఆ ఒక్క కార్బురేటర్‌కి అడిగిన ధర, మేం మొత్తం జీపు కొన్న ధరకన్నా ఎక్కువ. టైర్ల సంగతి ఎత్తకపోవడమే మంచిది. స్నేహితుల్లో ఒకాయన కూతురి చదువని తప్పుకున్నాడు, ఒకాయన ఇంటి కప్పని, మూడో ఆయన ఏ కారణమూ చెప్పకుండానే ఆదివారాలు రావడం మానేశాడు. చివరికి మావయ్యొక్కడే మిగిలాడు. “ఒక్కసారి ఆ క్లబ్బోళ్ళ ర్యాలీలో అందరితో పాటు నడిపేస్తే సాలురా అల్లుడూ. తరవాత ఎవులికో ఇచ్చేస్తాను,” అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే కోపంగానే బయటికి వస్తుంది.

ఆ ఏడు ర్యాలీ మా ఊళ్ళోనే పెట్టారు. హిజ్లీ వైపు ఒక హోటల్లో పేర్లు రాసుకుంటుంటే ఇద్దరం వెళ్ళాం. బల్ల వెనక క్లబ్బు టోపీ పెట్టుకున్న పెద్దమనిషి మావయ్య ఖాకీ బట్టలు చూసి, “డ్రైవర్లకి వెనక గేటు. ఓనర్‌ని పంపించు,” అన్నాడు హిందీలో. నేను బల్ల గుద్దాను. ఓనర్ ఈయనేనని, ఈ జీపులో ప్రతి బోల్టూ ఈయన చేత్తోనే బిగించాడని, నువ్వు నీ బండి బానెట్ ఎప్పుడైనా ఎత్తావా అని మూడు భాషల్లో అరిచాను. అరుస్తూనే కాగితం లాక్కుని, చదవకుండా, మావయ్య తరఫున సంతకం పారేసి వచ్చాను.

బయటికొచ్చాక మావయ్య కళ్ళజోడు పెట్టుకుని వాళ్ళిచ్చిన నకలు చదివాడు. “ఒరే, ఏ రోజో సూసినావా? విశ్వకర్మ పూజ!”

మా వర్క్‌షాపులో ఆ రోజు పనిముట్లకి సెలవు. రెంచీలు, సుత్తులు కడిగి, బొట్టు పెట్టి, దేవుడి ముందు పేరుస్తాం. మర్నాటిదాకా ఎవరూ వాటిని ముట్టుకోరు.

“బండి ఆగితే ఏటి సేస్తావురా?”

“ఆగదు మావా!”

“ఇంజనుకి నీ కోపం తెలవదురా,” అన్నాడు మావయ్య.

తెలియనే లేదు. ర్యాలీ రోజున గోల్‌బజార్ నడిబొడ్డున జీపు నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. పండగ కదా, వర్క్‌షాపు వాళ్ళంతా పెళ్ళాం పిల్లలతో కొత్త బట్టల్లో రోడ్డుమీదే ఉన్నారు. జీపు చుట్టూ చేరిన ఫిట్టర్లందరిదీ ఒకటే మాట, పెట్రోలు పైపులో నలక పడిందని. అయిదు నిమిషాల పని. ఒక్కడూ చెయ్యి పెట్టడే! నేను కోపం పట్టలేక సీటు కింద రెంచీ కోసం వెతికాను. అది ఇంట్లో దేవుడి ముందు బొట్టు పెట్టుకుని ఉంది. అంతలో మా వెనకే టోపీ పెద్దమనిషి మిలిటరీ కారు కూడా పొగలు కక్కుతూ ఆగింది. ఆయన తన మెకానిక్‌కి ఫోన్ చేశాడు. అవతల ఆ మెకానిక్ కలకత్తాలో, పూజనాటి ఆచారం ప్రకారం, మేడెక్కి గాలిపటం ఎగరేస్తున్నాడు, ఈరోజు పనిముట్టు పట్టనన్నాడు. నా కడుపు చల్లబడింది.

“తొయ్యడానికి పనిముట్టు అక్కర్లేదు గదరా,” అన్నాడు మావయ్య. అంతే, కొత్త బట్టలతోనే అందరూ భుజం వేశారు. తప్పుకున్న ముగ్గురు స్నేహితులు కూడా ఎక్కణ్ణుంచో వచ్చి కలిశారు. ర్యాలీ ముగిసే మైదానం దాకా అరుపులతో, ఈలలతో తోసేశాం. మావయ్య రాజాలా స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. అక్కడ ఆగి ఊరుకున్నాడా? “ఎల్లి ఆయన బండి కూడా తోసుకురండ్రా,” అన్నాడు.

“ఆడిదెందుకు మావా? మనల్ని ఎనక గేటుకి పొమ్మన్నోడు!”

“ఆడన్నాడు సరే. బండేటి సేసిందిరా?”

తోశాం. సొంత ఇంజనుతో రాలేదని మావయ్య పేరు కొట్టేశారు. మేం తోసుకొచ్చిన ఆ కారుకి మాత్రం ‘చక్కటి సంరక్షణ’ బహుమతి ఇచ్చారు! ఇప్పటికీ తలుచుకుంటే పళ్ళు కొరుక్కుంటాను. నెల తిరక్కుండా మావయ్య జీపు అమ్మేశాడు, అదీ ఆ టోపీకే. “టైరు కొనలేనోడి దగ్గరుంటే తుప్పే గదరా,” అన్నాడు నావైపు చూడకుండా.

మావయ్య పోయి ఆరేళ్ళు. ఈ మధ్య విశ్వకర్మ పూజనాడే మా ఊళ్ళో రెండు రోజుల పాత బళ్ళ ప్రదర్శన మొదలుపెట్టారు, టికెట్ పెట్టి. మా జీపు తాడు వెనకాల ఉంది. ‘అన్ని భాగాలూ అసలువే’ అని బోర్డు. టోపీ పెద్దమనిషి ముసలివాడయ్యాడు. బానెట్ ఎత్తి చూపించాలని తంటాలు పడుతున్నాడు, గొళ్ళెం రావడం లేదు. రాదు, అది రైలు కిటికీది! స్క్రూ వదులైంది, బిగిస్తే చాలు. నేను తాడు దగ్గరే నిలబడి చూస్తుంటే ఆయన, “దాదా, మీకు తెలుసా?” అని స్క్రూడ్రైవర్ చాచాడు. నన్ను గుర్తుపట్టలేదు. నా చెయ్యి లేచింది. లేచి, తిరిగి జేబులోకి పోయింది.

“ఆజ్ నహీ. కల్,” అన్నాను.

రేపటికి వేరే టికెట్ కొనాలన్నారు గేటు దగ్గర. పది నిమిషాలు దెబ్బలాడాను. తర్వాత కొన్నాను. మావయ్య స్క్రూడ్రైవర్ మా ఇంట్లో దేవుడి ముందే ఉంది, తెల్లారితే గానీ ముట్టుకోకూడదు. సంగతంతా విని మా ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “ఇన్నేళ్ళు ఆ టోపీ ఆయన్ని తిట్టినారు. ఇప్పుడు టికెట్ కొనుక్కుని మరీ ఆయన బండి బాగుసేస్తారా?”

“ఆడి మీద కోపం అలాగే ఉందే,” అన్నాను. “బండేటి సేసింది?”

అన్నాక, అది నా మాట కాదని తెలిసి, నాలో నేనే నవ్వుకున్నాను.