ఎడం మెలి పోగు

చింతచెట్టులో దెయ్యముందని వీధంతా చుట్టు తిరిగి పోతాంటే, నేను దాని కిందనే నిలబడి చింతచిగురు దూసుకొచ్చిన మనిషిని. గాలి సోకిందని ఎవరన్నా చెప్తే నవ్వేదాన్ని. అందుకే ఇది చెప్పేదానికి ఇన్నాళ్లూ నోరు రాలేదు.

మాది ఎమ్మిగనూరు. నేతపని ఇల్లు. కోడలు సుజాతను కడప దిక్కు మాధవరం నుంచి తెచ్చుకున్నాము. ఆమెది ఎడంచేతి వాటం. మగ్గం మీద పోగు తెగితే మేమంతా కుడిచేత్తో మెలేసి అతికిస్తాము. ఆమె ఎడంచేత్తో తిప్పేది, మెలి తిరగబడేది. అతికినంక దాన్ని ఎడం చెంపతో రుద్ది, "ఇంక తెగొద్దు తల్లీ" అనేది.

"పోగుతో గూడా మాట్లాడతావేమే?" అని ఎక్కిరించేదాన్ని.

"నువ్వు నాకు సందిస్తే గదత్తా, నీతో మాట్లాడేది!" అని నవ్వేది.

పోయినేడు జ్వరమని ఆసుపత్రికి పోయిన మనిషి మళ్లీ రాలేదు. ఆమె మగ్గం దిగిన పొద్దు తెగిన పోగు తెగినట్లే వేలాడతా ఉండె. మగ్గం మీద సగంలో ఉన్న ఆ చీరను ముట్టేదానికి నాకు చెయ్యి రాలేదు.

ఆమె కూతురు చిట్టి, ఆరేండ్లది. అమ్మ పోయినప్పటి నుంచి నోరు తెరవలేదు. కర్నూలు డాక్టరు చూసి, గొంతు బాగానే ఉంది, మనసే మూసుకుపోయింది, ఇట్లే నిలిచిపోయినా పోవచ్చు అన్నాడు. ఆ మాట విన్నంక నాకు కూడు సయించలేదు.

బిడ్డకు ఒకటే సంతోషం. టీవీలో ఒక ఒంటె, దాని మూపురం మీద కూర్చునే పిచ్చుక బొమ్మలు. అవంటే పిచ్చి ఉన్నోళ్లు ఎవరెవరో సొంతంగా గీసి, పాత రేడియో పాటలు తగిలించి ఫోనులో పెడతారంట. నా కొడుకు వెంకటేశు చూపించినాడు. బిడ్డకు బొమ్మలు, నాకు పాటలు. చిన్నప్పుడు నూలు కండెలు చుడతా విన్న పాటలకు ఆ ఒంటె మెడ ఊపుకుంటా నడుస్తాంటే, చిట్టి నా ఒళ్లో ఊగేది. నేనూ ఊగేదాన్ని.

పక్కింటామె మాబున్ని మమ్మల్ని చూసి, "ఏమ్మా, మనవరాలిని బాగు చేయమంటే నువ్వే చిన్నపిల్లవైపోతాండావే!" అనేది.

"ఒంటె శానా బాగా ఆడుతుందే, నువ్వూ రా" అనేదాన్ని.

ఆ పొద్దు మిట్టమధ్యాన్నం. వెంకటేశు నూలు తెచ్చేదానికి పోయినాడు. వడగాలికి తలుపు గడియ పెట్టినాను. పొద్దున మగ్గం దుమ్ము దులిపేటప్పుడు గూడా ఆ పోగు వేలాడతానే ఉండె, అది నాకు బాగా గుర్తు.

చిట్టిని ఒళ్లో పెట్టుకోని ముద్దలు పెడతా, ఫోను ముందర నిలబెట్టినాను. కొత్త బొమ్మ. పిచ్చుక ముక్కున దారం పట్టుకోని మూపురం మీద గూడు అల్లుతాంది. పాట చరణంలోకి వచ్చి టక్కున ఆగింది. దారం తెగింది. ఫోను నిలిచిపోయిందేమో అనుకుంటే, ఒంటె రెప్పలాడిస్తానే ఉంది.

పిచ్చుక ఎడం కాలితో దారం అందుకుంది. తిరగమెలి వేసింది. ఎడం చెంపకు రుద్దుకుంది.

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. బిడ్డ వీపు నా రొమ్ముకానుకోని కట్టెలాగా బిగుసుకుంది. ఊపిరి తీస్తాందో లేదో తెలీలేదు. "చిట్టీ" అన్నాను. కదల్లేదు. "చిట్టీ!"

మాట వచ్చింది. ఫోనులోంచి కాదు, నా ఒళ్లోంచి.

"ఇంక తెగొద్దు తల్లీ."

బొంగురుగా ఉన్నా చిట్టి గొంతే. ఆగిన కాడి నుంచే పాట మళ్లీ మొదలైంది. బిడ్డ నా దిక్కు తిరిగి, "అవ్వా, నీళ్లు" అనింది.

ఏడుస్తా బిడ్డను దించి లేచి నీళ్లకు పోతా మగ్గం దిక్కు చూసినాను. వేలాడే పోగు లేదు. అతికి ఉంది. వేలు పెట్టి చూసినా. ఎడం మెలి.

తలుపు గడియ పెట్టినట్లే ఉంది. నేను లేచేదాకా చిట్టి నా ఒళ్లోంచి దిగనేలేదు.

వెంకటేశు వచ్చి అదే బొమ్మ మళ్లీ పెట్టినాడు. పాట యాడా ఆగలేదు. పిచ్చుక ముక్కున దారమే లేదు. "నువ్వే అతికించి మరిచిపోయింటావులేమ్మా" అన్నాడు. మరిచిపోవచ్చు, ముసలిదాన్నే. కానీ ఎడం మెలి వేసి చూద్దామని ఆ సాయంత్రమంతా తంటాలు పడినా, నా చేతికి రాలేదు.

చిట్టి ఇప్పుడు వాగుడుకాయ. నోరు మూయమన్నా మూయదు. ఆ చీరను నేనే నేసి ముగించి పెట్టెలో దాచినాను. అప్పుడప్పుడు తీసి ఆ తావును తడుముతాను. ఎట్ల జరిగిందో ఈ పొద్దుకూ నాకు తెలీదు. వేలికి తగిలేది మాత్రం ఎడం మెలే.