గుంటనక్క కోసం అద్దంకి దాటి

ఆ మార్చిలో నా మైనపు నక్కను చూసిన ప్రతివాళ్లూ "కుక్క భలే ఉందండీ" అన్నారు. ఈ ప్రయాణానికి అదే కారణం. నేను గుంటూరులో ఉంటూ అడవి జంతువుల బొమ్మలు కంచుతో పోత పోయిస్తుంటాను. ముందు మైనంతో బొమ్మ చేసి, దానికి మట్టి పట్టించి, కాల్చి మైనాన్ని కరిగించేసి, ఆ ఖాళీలో కంచు పోస్తారు. మైనం కరిగిపోయాక దిద్దుకోవడానికి ఇక ఏమీ మిగలదు. గుడిగంటలు పోసే మా మేస్త్రి, ఉగాదికి ముందు ఒక్కసారే కొలిమి రాజేస్తానన్నాడు. హైదరాబాదులో నా మొదటి సొంత ప్రదర్శనకు ఆ నక్క వెళ్లాలి. నేనేమో నక్కల్ని ఫోటోల్లో తప్ప చూడలేదు. అప్పుడే మా స్నేహితురాలు శారద, వాళ్ల పిన్ని మిరపచేను పక్క బీడులో గుంటనక్క పిల్లల్ని పెట్టిందని చెప్పింది. మర్నాడే బయలుదేరాను.

గుంటూరు నుంచి చిలకలూరిపేట మీదుగా అద్దంకికి ఎక్స్‌ప్రెస్‌లో మూడు గంటలు వేసుకోండి. టికెట్ యాభై చిల్లర. తెల్లవారుజామున ఎక్కడం మంచిది. నేను బద్ధకించి తొమ్మిదింటికి ఎక్కాను. ఒళ్లో థర్మోకోల్ పెట్టె, అందులో ఐసు ముక్కల మధ్య మైనపు నక్క. పేట దాటేసరికి ఐసంతా నీళ్లై నా చీర తడిసింది. కిటికీ బయట పత్తి మోళ్లు, వాటి వెనక ఎర్రగా పరుచుకున్న మిరప కల్లాలు. అద్దంకిలో ఆటో మాట్లాడుకుని, నక్కను చూడాలని వచ్చానంటే డ్రైవరు వెనక్కి తిరిగి మరీ నవ్వాడు.

"ఎవరైనా నక్క తోక తొక్కాలనుకుంటారు. మీరు ఉత్తినే చూడ్డానికొచ్చారా మేడం?"

"తొక్కనులెండి. చూసి వెళ్లిపోతా."

"కనబడితే నా పేరు కూడా చెప్పండి," అంటూ నలభై రూపాయలకు కల్లం దాకా దింపాడు. ఆ ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయను. నక్కలకు జనసమ్మర్దం పనికిరాదు.

శారద పిన్ని కోటేశ్వరమ్మగారు కల్లంలో నిలబడి, రంగు పోయిన తాలుకాయలు ఏరిస్తున్నారు. గట్టి గొంతు, గట్టి మనిషి. మంచినీళ్లిచ్చి, నా పెట్టె మూత తీశారు.

"ఇదేందమ్మా, నీ కుక్క సాష్టాంగపడింది?"

చూద్దును కదా, ముందు కాళ్లు రెండూ వంగిపోయి ముక్కు నేలకానింది. పదిహేను రోజుల పని. "కుక్క కాదు పిన్నిగారూ, నక్క. ఎండకి మెత్తబడింది," అన్నాను ఏడుపు గొంతుతో. ఆవిడ దాన్ని తీసుకెళ్లి చల్లగా ఉంటుందని నీళ్లబానలో వేశారు. మైనం కదా, బోర్లా తేలింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని పగలబడి నవ్వేశాం. అంతకుమించి చేసేదేమీ లేదు.

సాయంత్రం టిక్కీల చాటున, అంటే మిరపకాయల బస్తాల చాటున, బీడువైపు చూస్తూ కూర్చున్నాను. పొద్దు వాలుతుండగా బొరియలోంచి రెండు పెద్ద చెవులు లేచాయి. ఊపిరి బిగబట్టాను. బిగబట్టిన ఊపిరిలోకే మిరప ఘాటెక్కింది. ఒక తుమ్ము, వెంటనే ఇంకోటి. చెవులు మాయమయ్యాయి.

"ఇంకేం ఉంటది! నీ తుమ్ముకి మా గేదె కూడా లేచి నిలబడింది," అన్నారు కోటేశ్వరమ్మగారు. "పొద్దున్నే వస్తదిలే. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని కూర్చో."

రాత్రి వాళ్లింట్లోనే పడుకుని, తెలవారేసరికి నా పెట్టె పట్టుకుని కోటేశ్వరమ్మగారి వెంట గట్టు మీదకి చేరాను. తల్లినక్క నోట్లో ఎలుకతో వచ్చింది. బొరియ ముందు ఆగి, ఒక ముందుకాలు కొంచెం ఎత్తి, ఒక చెవిని మావైపు, ఇంకో చెవిని రోడ్డువైపు తిప్పి వింది. కుక్క తన బరువంతా నేలమీద పెట్టి నిలబడుతుంది. ఇది నేలను నమ్మనట్టు నిలబడింది. పాలిచ్చి పాలిచ్చి డొక్కలు లోపలికి పోయాయి. పిల్లలు బయటికొచ్చి ఒకటి తోక పట్టుకు లాగింది, రెండు ఎలుక కోసం కలబడ్డాయి. తల్లి మాత్రం వినడం మానలేదు. నేను చేసిన నక్కకి నిండైన ఛాతీ, రాజసం. అలాంటి తీరిక ఈ తల్లికెక్కడిది?

అక్కడే, గట్టు మీదే మొదలుపెట్టాను. ఛాతీ నుంచి మైనం తీసేశాను, మెడ దించాను, వంగిన కాళ్లలో ఒకదాన్ని నేలకి అంటకుండా లేపాను. పొద్దెక్కేకొద్దీ మైనం మెత్తబడి చెప్పినట్టు విన్నది. మరీ కరిగిపోకుండా కోటేశ్వరమ్మగారు పక్కన గొడుగు పట్టుకు నిలబడ్డారు. "కల్లంలో పని పెట్టుకుని నక్కకి గొడుగు పడుతున్నా," అని గొణుగుతూనే, ఎండ తిరిగినప్పుడల్లా గొడుగూ తిప్పారు. తిరుగు ప్రయాణానికి కొత్త ఐసుతో సాయంత్రం బస్సెక్కాను.

కొలిమి అనుకున్నప్పుడే రాజుకుంది. మట్టి అచ్చు పగలగొడుతుంటే పల్చటి చెవుల దాకా కంచు వెళ్లిందో లేదోనని ముందు ఆ వైపే చూశాను. అంచుల దాకా వెళ్లింది. ప్రదర్శనకు పంపే ముందురోజు కోటేశ్వరమ్మగారు మిరప యార్డుకి సరుకుతో గుంటూరు వచ్చి, మా ఇంటికీ వచ్చారు. వీధిలోంచే పెద్దగా మాట్లాడుతూ వచ్చిన మనిషి గుమ్మంలోంచి కంచు నక్కను చూసి ఆగిపోయి, గొంతు బాగా తగ్గించి అడిగారు:

"పిల్లలేయమ్మా?"

ప్రదర్శనలో ఎంతమంది మెచ్చుకున్నా నాకు ఆ ప్రశ్నే ఎక్కువ. జంతువు ఆకారం ఫోటోలో దొరుకుతుంది. అది దేనికోసం నిలబడిందో తెలియాలంటే దాని పొద్దులో మనమూ కాసేపు కూర్చోవాలి. గంటసేపు ఏమీ జరగకపోయినా ఆ గంట వృథా కాదు. జరిగేది కనబడాలంటే ముందు కళ్లు కుదురుకోవాలి.

వెళ్లేవాళ్లకు ఒకే మాట: చేను గలవాళ్లని అడిగి, వాళ్లతోనే వెళ్లండి. బొరియ దగ్గరికి పోకుండా, గాలి మీ మొహానికి కొట్టే వైపు కూర్చోండి. దాని వాసన మీకు రావాలి తప్ప మీ వాసన దానికి పోకూడదు.