బొంబాయి ఎంత దూరం

మా అమ్మాయి రుక్మిణికి తొలి కాన్పు. పుట్టింటికి తెచ్చుకుందామంటే బొంబాయి డాక్టరమ్మ ఒప్పుకోలేదు, రైలు ఎక్కితే ప్రాణానికే మోసమనింది. సరేనని ఊరుకున్నాము. నెలలు నిండకముందే నొప్పులు మొదలైనాయని ఒకనాటి సాయంత్రం అల్లుడు టెలిగ్రాం ఇచ్చినాడు. రైల్లో పోతే రెండు రాత్రులు, నడుమ పూనాలో బండి మారాల. అంతలో ఏం జరుగుతుందో అని నగర్తపేటలో మా ఇంట్లో నేను ఒక చోట కూర్చోలేకపోయినాను. "విమానంలో పో" అన్నాడు మా ఆయన. మా జరీ అంగట్లో ప్రతి అణా చూసి ఖర్చుపెట్టే మనిషి. టికెట్టు ధర ఈనాటికీ నాకు చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఏడుకు విమానాల మైదానం చేరినాము. సామాను తూచినారు, తర్వాత నన్నూ తూచినారు. అంతమంది మొగవాళ్ళ ముందర తక్కెడ ఎక్కాలంటే తల కొట్టేసినట్టయింది. సామాను బరువెక్కువుండాది, కొంత తీసేయమన్నారు. నా చీరలన్నీ తీసి మా ఆయన చేతిలో పెట్టినాను. శొంఠి, వెల్లుల్లి, నెయ్యి, బిడ్డకని ఉతికి పెట్టిన పాత పంచెలు మాత్రం ముట్టుకోనియ్యలేదు.

"కట్టుకునేదానికేం చేస్తావే?"

"అల్లుడు కొనిపెడతాడు లెండి."

ఎనిమిదిన్నరకు విమానం లేచింది. చెవుల్లోకి దూది, నోట్లోకి పిప్పరమెంటు ఇచ్చినారు. ఎక్కేవాళ్ళకు చెబుతున్నా, రెండూ తీసుకోండి, ఆ మోత అంతా ఇంతా కాదు. పక్కన హుబ్బళ్ళి పత్తి వ్యాపారి కూర్చున్నాడు, తెలుగు బాగానే వచ్చు. బొంబాయి ఎంత దూరమప్పా అంటే, "గాల్లో ఐదువందల మైళ్ళ పైచిలుకు తల్లీ, నాలుగు గంటలు" అన్నాడు. ఫలహారం తెచ్చినారు గానీ నేను ముట్టలేదు. మబ్బుల సందున చెరువులు చిన్న చిన్నగా కనిపించి పోతా ఉండాయి. ఓస్, ఇంతేనా బొంబాయి అనుకున్నాను.

పన్నెండు దాటినాక దిగినాము. అల్లుడు ఎదురొస్తా ఉంటే అతని మొహమే చూస్తా నడిచినాను. "ఇంకా కాలేదత్తా" అన్నాడు. నేరుగా ఆస్పత్రికి పోయినాము. రుక్మిణి నా దిక్కు చూసి, మళ్ళీ కండ్లు మూసుకునింది.

"మా అమ్మ రైల్లో ఉండాది. ఎల్లుండికి గానీ రాదు" అని తనలో తాను అనుకునింది.

నుదుటి మీద చెయ్యి పెట్టినాక నేనేనని నమ్మింది, నా చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు. దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

నెలన్నర తర్వాత మా ఆయన వచ్చినాడు, ఇద్దరమూ రైల్లో తిరుగు ప్రయాణమైనాము. బాలింతను అప్పుడే కదిలించొద్దనింది డాక్టరమ్మ. పూనాలో బండి మారినాము. తెల్లారింది, మళ్ళీ పొద్దు గుంకింది, ఊర్లు వస్తానే ఉండాయి, మా ఊరు మాత్రం రాదు. పెండ్లయిన వారానికి పదిహేడేండ్ల నా బిడ్డ ఈ దారినే పోయింది కదా అని అప్పుడు తట్టింది.

"ఇంత దూరమా మనం ఇచ్చింది?" అన్నాను.

ఆయన కాఫీ లోటా నా చేతికిచ్చినాడు. "సంబంధం చూసేదానికి పోయినప్పుడే తెలుసు నాకు. చెప్పింటే పంపేదానివా?"

తల్లులకు నేను చెప్పేదొకటే. అవసరం పడితే విమానం ఎక్కండి, భయం లేదు. బిడ్డనిచ్చే ముందు మాత్రం ఆ ఊరికి ఒకసారి రైల్లో పోయి రండి.