కంచం దగ్గర నాలుగు రకాలు

నిన్న మధ్యాహ్నం కర్నూలులో మేం తినే మెస్సులో మా బల్ల దగ్గర ఉన్నవాళ్లు: నేను, ఇద్దరు డ్రాఫ్ట్స్‌మన్లు, బదిలీ మీద కొత్తగా వచ్చిన ఓవర్సీరు. ఉన్నవి: నాలుగు విస్తళ్లు, చారు బకెట్టు, గోంగూర, అందరికీ కలిపి ఒక్క మజ్జిగ చెంబు. కొత్తాయన తినడం ఆపి రెండుసార్లు నా విస్తరివైపు చూశాడు. నేను వెంటనే గోంగూరను అన్నంతో కప్పేశాను. ఎందుకు కప్పానో ఆయనకు తెలియదు. కడపలో మా చిన్నాయన ఇంట్లో పెరిగినవాళ్లెవరైనా అదే పని చేస్తారు.

అమ్మా నాయనా పోయాక అక్కనూ నన్నూ పెంచింది చిన్నాయనే. తాలూకా కచేరీలో గుమాస్తా. భార్య చనిపోయింది, పిల్లలు లేరు. మనుషులు నాలుగు రకాలనీ, ఎవరు ఏ రకమో సంగటి ముద్ద ముందు కూర్చున్నప్పుడే బయటపడుతుందనీ ఆయన సిద్ధాంతం. ముద్ద నడుమ గుంట చేసి, అందులో పులుసు పోసుకుని అంచుల నుంచి తింటూ వచ్చేవాడు గుంటోడు, ముందుచూపు గలవాడు. అన్నీ ఒక్కసారే పిసికేసేవాడు కలిపేటోడు. కోపమూ ప్రేమా రెండూ లోపల పెట్టుకోలేడు. మంచి ముక్కను చివరికని పక్కకు నెట్టేవాడు దాచేటోడు. ఎదుటివాడి కంచంలోకి చూసేవాడు తొంగేటోడు. గుంటోడికీ కలిపేటోడికీ బాగా పొసగుతుంది. దాచేవాళ్లూ తొంగేవాళ్లూ ఒక కప్పు కింద ఉంటే మాత్రం ఏడాది తిరక్కముందే నడుమ గోడ లేస్తుంది. అక్క తొంగే రకమని ఆమె చిన్నప్పుడే తేల్చేశాడు.

ఇంజనీరింగు డిప్లొమాలో చేరాక దీన్ని పదహారు గళ్ల పట్టికగా వేసి చూశాను. సగం గళ్లకు ఆయన దగ్గర జవాబు లేదు. అడిగితే, "మనుషులు నీ సిమెంటు పాళ్లు కాదురా అబ్బీ" అన్నాడు. నాకు అనుమానం అక్కడ మొదలైంది. అక్కకు వచ్చిన మూడు సంబంధాలూ కంచం దగ్గరే పోయాయి. ముగ్గురూ దాచేవాళ్లే అన్నాడు. ముగ్గురికి ముగ్గురూ ఎలా అవుతారు? ఇంట్లో వంటా, నీళ్లూ, ఆయన చొక్కాల ఇస్త్రీ అన్నీ అక్కవే. సిద్ధాంతం ఎవరి పనికి వస్తోందో నాకు కొంత అర్థమైనట్టే అనిపించింది. మరో సంగతి: ఆయన తింటూ ఉండగా మేం ఎన్నడూ చూడలేదు. కంచం తీసుకుని నడిమింట్లోకి పోయి తలుపు దగ్గరకు వేసుకునేవాడు.

నాలుగోది రాయచోటి సంబంధం. టీచరు ట్రైనింగులో అక్కతో చదివిన అబ్బాయి, మావాళ్లే. అక్క ఏనాడూ ఏదీ అడగని మనిషి. ఆ వారం మాత్రం నాతో, "ఇది గూడా పోతే ఇంక ఎవర్నీ పిలవద్దని చెప్పురా" అంది.

ఆదివారం అబ్బాయి, వాళ్ల మేనమామ వచ్చారు. సంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి పచ్చడి. అబ్బాయి ముద్ద నడుమ గుంట చేశాడు, కంపాసు పెట్టి గీసినంత గుండ్రంగా. ఆకలితో ఉన్నవాడెవడూ అంత గుండ్రంగా తినడు. వంటింటి గడపలో నిలబడ్డ అక్క ఇంటి దూలాల్ని చూస్తోంది. ఈ అబ్బాయికి ఎవరో ముందే చెప్పి ఉండాలి. చిన్నాయనకూ అలాగే తోచినట్టుంది.

"ఇంకో ముద్ద ఎయ్ పాపా. అంత దూరం బస్సులో వచ్చినాడు, శానా ఆకలి మీద ఉండాడు."

"సాలు సార్."

"సిగ్గుపడితే ఎట్లప్పా? తిను."

రెండో ముద్దకూ గుంటే. మూడో ముద్దకు అబ్బాయి నుదుటిన చెమట పట్టింది. చెయ్యి తన అలవాటుకు తాను పోయింది. కందనకాయ ముక్క ఒకటి మెల్లగా కంచం అంచుకు చేరింది.

"సూసినావా? దాచేటోడే" అన్నాడు చిన్నాయన నా చెవిలో. ఆ గొంతులో ఉన్నది గెలుపు కాదు, ఊరట. అదే నాకు నచ్చలేదు.

వచ్చినవాళ్లు చేతులు కడుక్కుని అరుగుమీద తాంబూలానికి కూర్చున్నారు. లోపల అక్క, వాళ్లు తిన్నచోటే చిన్నాయన కంచం పెట్టింది.

"ఈడ కూచో చిన్నాయనా."

"నడిమింట్లో పెట్టు."

"ఈడనే. మేము సూస్తాం."

"ఏందే ఇది, సంతలో ఎద్దును సూసినట్ల?"

"నువ్వు నలుగుర్ని సూసినావు గదా. మేం ఒక్కర్ని సూస్తాం. నీ రకం యాదో తెలిస్తే ఇన్నేండ్లు నీకూ నాకూ ఎట్ల పొసిగిందో తెలుస్తాది. ఆపైన ఆయప్పతో నాకు పొసగదని నువ్వంటే ఒప్పుకుంటా."

ఆయన కూర్చున్నాడు. ముద్దలో గుంట చేసి, మావైపు చూసి, పూడ్చేశాడు. కలపబోయి ఆగాడు. ఒక ముక్కను అంచుకు నెట్టి మళ్లీ లోపలికి లాక్కున్నాడు.  తర్వాత తలెత్తి అక్క ముందున్న ఖాళీ నేలను చూశాడు.

"నీ కంచమేదే? పొద్దుట్నుంచి తిన్యావా నువ్వు?"

"లేదు."

"వీడు?"

నేనూ తినలేదు. అక్కకు నవ్వు ఆగలేదు. "తొంగేటోడివా చిన్నాయనా నువ్వు!"

ఆయన నవ్వలేదు. ముద్ద తుంచి నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాక నాతో అన్నాడు: "పోరా అబ్బీ, అరుగుమీద వాళ్లు కాసుకోనుండారు. ముహూర్తం ఎప్పుడు పెట్టుకుంటారో అడుగు."

గుంట సంగతి రాయచోటికి చేరవేసింది నువ్వేనా అని అక్కను తర్వాత అడిగాను. "నాకేం పనిరా" అంది; నేను నమ్మలేదు. చిన్నాయన తన సిద్ధాంతాన్ని నిజంగా నమ్మాడా, అక్కను ఇంట్లో ఉంచుకోవడానికే వాడుకున్నాడా అన్నదీ తేల్చుకోలేదు. అక్కకు పెళ్లయి ఆరేళ్లు. ఆ ఇంట్లో ఇంకా గోడ లేవలేదు. ఏళ్లు గడిస్తే మనిషి అలవాటు మారుతుందంటారు. ఈ ఆరేళ్లలో చిన్నాయన నలుగురి నడుమ కూర్చుని తిన్నది, అక్క పెళ్లినాడు ఒక పూట, ఆమె బిడ్డకు పేరు పెట్టిననాడు ఒక పూట. మొత్తం రెండు.