కాంటాల సున్న ఎవరు తీసిన్రు

ప్రోగ్రాం పాడైందంటే మా సారు నోట్ల ఒకటే ప్రశ్న: "చివరిగా ఎవరు ముట్టుకున్నారు?" రోగం ఏందని అడగడు, ఎప్పటి నుంచి అని అడగడు. ముట్టుకున్నోళ్ల పేరు కావాలె ఆయనకు. ఎవరో ఒకరు దొరికిన్రంటే సారు ప్రాణం సల్లబడుతది, ఇగ చాయ్ తెప్పిస్తడు. ప్రోగ్రాం మాత్రం అట్లనే పాడై ఉంటది.

మా ఆఫీసు సూర్యాపేటల ఒక ఎరువుల దుకాణం మీద ఉంటది. ఉన్నది ముగ్గురం: సారు, నేను, త్రిపురారం నుంచి కొత్తగ వచ్చిన పిల్ల. రైసు మిల్లులకు ప్రోగ్రాంలు రాస్తం. వడ్ల బండి మిల్లుల కాలువెట్టిన కాడికెల్లి కాంటా మీద తూకం పట్టేది, చిట్టి కొట్టేది, ఎనక ఉన్న బండిని పిలిచేది, అంత మా ప్రోగ్రామే. పిలుసుడంటే నిజంగనే మైకుల పిలుస్తది: "ఫలానా నంబరు బండి, కాంటా మీదికి రావాలె." ఆ గొంతు నాది. నెల్లూరు నుంచో నెట్ల నుంచో గొంతు తెస్త అన్నడు సారు, గాని నాది ఫుకట్ల వచ్చింది. ఇంట్ల మా పిల్లలు నా మాట ఇనరు గాని, మిర్యాలగూడల లారీలు ఇంటయ్.

సారుది కోదాడ. కోదాడ మా జిల్లానే, గాని ఆయన మాట ఏరు దాటి వచ్చినట్టు ఉంటది. నేను "జర ఆగుండ్రి సార్" అంటే "జర కాదమ్మా, కొంచెం" అని దిద్దుతడు. "గీడ సంతకం పెట్టుండ్రి" అంటే "ఇక్కడ" అంటడు, అని సంతకం మరిచిపోతడు. నేనేం తక్కువ తిన్ననా? ఆయన ఫోన్ల "అలాగేనండీ" అన్నప్పుడల్ల నేను నా కుర్చీలకెల్లి "అలాగేనండీ" అని సాగదీస్త. పిల్ల నవ్వాపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంటది.

వానాకాలం కోతలు మొదలైనయ్. ఒకనాడు పొద్దుగాల మిర్యాలగూడ మిల్లు సేటు ఫోన్ చేసిండు. సారు ఫోన్ స్పీకర్ల పెట్టిండు.

"ఏందయ్యా, మీ మైకు మూగవోయింది. చిట్టి వస్తుంది, పిలుపు వస్తలేదు. మా గుమాస్తా ఒర్లి ఒర్లి గొంతు పోయి ఇప్పుడు సైగలు చేస్తుండు. ఆయన ఒక్క చెయ్యి ఊపితే మూడు ట్రాక్టర్లు ఒక్కసారే ముందుకొస్తున్నయ్. రేపటి కల్ల మాట్లాడకపోతే మీ డబ్బా పీకి ఇంకోళ్లది పెట్టుకుంట."

ఫోన్ పెట్టేసినంక సారు తల తిప్పి పిల్లను చూసిండు. ప్రోగ్రాంల మైకు పేజీ చివరిగ ముట్టుకున్నది ఆమెనే.

ఆ పిల్ల సంగతి చెప్పాలె. పనిల పెట్టుకొని మంచిగ చేస్తే ఉంచుత, లేకుంటే లేదు అని సారు ముందే అన్నడు. ఉంచుతడా లేదా చెప్పాల్సింది ఆ తెల్లారే. ఇంట్ల అందరు "సూర్యాపేటల ఏం పనే నీకు" అంటే వాళ్ల నాయన ఒక్కడే అందరికి అడ్డం నిలవడి పంపిండు. ఆ నాయన ఆనాడు వడ్లు నింపుకొని అదే మిల్లు ముంగట లైన్ల ఉన్నడు. త్రిపురారం వడ్లు మిర్యాలగూడకే పోతయ్ కద. ఈ ఉద్యోగం పోతే పిల్లకు ఉద్యోగం ఒక్కటే పోదు, నాయన మాట కూడ పోతది.

"సార్, ఆమె మార్చింది బటన్ రంగు," అన్న నేను. "రంగు మారితే గొంతు పోతదా?"

"ఏమో, కంప్యూటర్లో ఏం చేస్తే ఏమవుతుందో ఎవరికి తెలుసు," అన్నడు సారు. ఆయన మా ముగ్గురిల కంప్యూటర్ల పెద్ద చదువు చదివిన మనిషి.

అసలు తిప్పలేందంటే, మైకు ఎప్పటిసంది మూగదైందో ఎవ్వరికీ తెల్వదు. యాసంగి వడ్లు అయిపోయినంక మిల్లు కాంటా బందే ఉండె. మా ఆఫీసుల స్పీకర్ ఎప్పుడూ బందే. నా గొంతు నేను దినాం ఎందుకు ఇంట? ఆ సందున ప్రోగ్రాంల వందల మార్పులు పడ్డయ్. నేను మైకు పేజీని కండ్లు కాయలు కాసేట్టు చదివిన, తప్పు కనవడలే. అంత సక్కగనే ఉన్నట్టు ఉంది.

అయితే ఒక మేలు ఉంది. మేం చేసే ప్రతి మార్పు, చేసినోళ్ల పేరుతోని, వరసగ దాచి ఉంటది. ఏ మార్పు కాడికన్న ఎనకకు పోయి, అప్పటి ప్రోగ్రాంని అప్పటి తీరుగనే నడిపి చూడొచ్చు. పిల్లకు నేను పొలం మాటల చెప్పిన: బోరు కాడ నీళ్లున్నయ్, మడి కాడ లేవు, పైపు నడిమిట్ల ఎక్కడనో అడ్డం పడ్డది. మొత్తం పైపు తవ్వుతమా? సగం కాడ విప్పి చూస్తం. నీళ్లొస్తే అడ్డం అవతల, రాకుంటే ఇవతల. మల్ల ఆ సగంల సగం. ఎంత పొడుగు పైపైనా జల్ది దొరుకుతది.

"అక్కా, మా నాయన గట్లనే చేస్తడు," అన్నది పిల్ల. ఆనాడు ఆమె నోటెంట వచ్చిన మొదటి మాట అది.

"మీరిద్దరూ ఒకటే. గొంతు వస్తుందో లేదో నేను వింటాను," అని సారు కుర్చీ జరుపుకొని స్పీకర్‌కు చెవి ఆనిచ్చిండు. నేను నడిమి మార్పు కాడికి పోయి ప్రోగ్రాం నడిపియ్యాలె, ఆయన "వచ్చింది" అనన్న అనాలె, "రాలేదు" అనన్న అనాలె. గంతే పని. సారు ఆ గంత పని చేసుకుంట కోదాడల తమ్మునితోని ఫోన్ల మాట్లాడవట్టిండు.

మొదటిసారి నడిపిన. ఆయన ఒక చెవి స్పీకర్‌కు, ఒక చెవి తమ్మునికి. గప్పుడే కింద రోడ్డు మీద ఉల్లిగడ్డల ఆటో వచ్చింది, దాని మైకుల ఆడమనిషి రికార్డింగు: "ఉల్లిగడ్డ తీస్కపోవాలె, జల్ది రావాలె." 

"వచ్చింది, వచ్చింది," అన్నడు సారు. "రావాలె అన్నది. స్పష్టంగా విన్నాను."

"సార్, అది ఉల్లిగడ్డ."

"నీ గొంతు నేను గుర్తుపట్టలేనా?" అన్నడు. నా గొంతూ ఉల్లిగడ్డలమ్మే గొంతూ ఒక్కటే అని నా మొకం మీదనే అన్నట్టు. నాకు సురుక్కుమన్నది. మల్ల నడిపిస్త అంటే పడనియ్యలే. టైం లేదు, ముందుకు పో అన్నడు.

ఆ ఒక్క "వచ్చింది"తోని కత అడ్డం తిరిగింది. అక్కడ బాగున్నదంటే తప్పు ఆ తర్వాతనే పడ్డట్టు. ఇగ అవతలి సగంల ఎక్కడ చూసినా రాలేదు, రాలేదు, రాలేదు. కడాకరుకు సారు "వచ్చింది" అన్న దాని ఎంబడే ఉన్న మార్పు మీద వేలు ఆగింది. చేసినోళ్ల పేరు: పిల్లది. చేసిన పని: బటన్ రంగు.

సారు మొకం ఎలిగింది. నేను నోరు తెరిసే లోపల సేటుకు ఫోన్ కొట్టిండు. "దొరికిందండీ. మా దగ్గర కొత్తమ్మాయి, మీ త్రిపురారం అమ్మాయే, తెలియక పాడుచేసింది. తీసేస్తున్నాం లెండి."

సేటుతోని ఫోన్ల మాట్లాడితే మిల్లంత ఇనవడుతది. పిల్ల ఫోన్ మోగింది, నాయన. "ఏం బిడ్డా, నువ్వేనట?" అన్న మాట నాకు గూడ ఇనవడ్డది. పిల్ల "మల్ల చేస్త నాయనా" అని పెట్టేసింది. బ్యాగుల టిఫిన్ డబ్బ పెట్టుకొని, మల్ల తీసి, మల్ల పెట్టుకున్నది. ఏడవలే. ఏడిస్తే నేను ఓర్సుకుందునేమో. నాకు కోపం నషాళానికంటింది.

"పిల్లా, కూసో," అన్న. "ఇప్పుడు మనుషుల చెవులు వద్దు."

మా ప్రోగ్రాం ఒర్రే ముందు ఒక పని చేస్తది. చెప్పాల్సిన వాక్యంల ఒక్కో మాటకు నా గొంతుల రికార్డింగు ఉన్నదా అని ఎతుక్కుంటది. అన్ని దొరికితే మాట్లాడుతది. ఒక్కటి దొరక్కపోయినా మొత్తం నోరు మూసుకుంటది. ఆ తెలివి సారుదే, సగం మాట మాట్లాడితే మర్యాదగ ఉండదని. మరి మనం ఇనుడెందుకు? మాట్లాడనీకి తయారైనవా లేదా అని ప్రోగ్రాంనే అడిగితే అయిపాయె.

కూసొని ఒక చిన్న పరీక్ష రాసిన. ఉత్తుత్తి బండి ఒకటి కాంటా కాడికి వచ్చినట్టు చెప్తది. పిలుపు తయారైతే మంచిదని గుర్తు, కాకుంటే చెడ్డదని గుర్తు. కొన్ని మార్పుల కాడ ప్రోగ్రాం అసలు లేవనే లేవదు, అవి ఎక్కువ సారు చేసినయే. వాటిని మంచి అనకు, చెడ్డ అనకు, దాటిపో అని చెప్పిన. ఇగ మొత్తం కంప్యూటర్‌కే అప్పజెప్పిన. నడిమికి నువ్వే పో, నువ్వే నడిపించు, నువ్వే పరీక్ష పెట్టు, సగం నువ్వే తెంపు. మేం ముట్టుకోం.

సారు నవ్విండు. "యంత్రానికి చెవులుంటాయా?"

"లేవు సార్. గందుకే ఉల్లిగడ్డలు ఇనవడయ్."

అది దానంతట అది తిరుగుతుంటే చూసుడు ఎంత ముచ్చటనో. మనిషైతే నడుమ చాయ్ తాగుతడు, తమ్మునితోని మాట్లాడుతడు, మొన్న ఎవరి మీదనో ఉన్న కోపం ఇయ్యాల తీర్సుకుంటడు. అది మంచి అంటది, చెడ్డ అంటది, సగం తెంపుతది, పోతది. ఎవరి బిడ్డ, ఏ ఊరు అని అడగదు. పిల్ల నా భుజం మీదికెల్లి వంగి చూస్తుంది, ఆమె ఊపిరి నా చెవికి తాకుతుంది.

ఆగింది. ఒక పేరు చూపెట్టింది. సారు పేరు. మార్పు కింద సారే రాసుకున్న మాట: "అక్షర దోషం సవరించబడింది."

తెరిసి చూసిన. "కాంటా" ఉన్న కాడ "కాటా" అయింది. ఒక్క సున్న. సారుకు మా మాట తప్పుగ అనిపిచ్చి, ఎవరికీ చెప్పకుండ దిద్దిండు. నేను రికార్డు చేసింది కాంటా. ప్రోగ్రాం కాటా కోసం ఎతికింది, దొరకలే, మర్యాదగ నోరు మూసుకున్నది. నాకు ఆ పేజీ చదివినప్పుడు ఎందుకు కనవడలే అంటే, మా ఊరి మాట కద, కన్ను సున్నను దానంతట అదే పెట్టుకొని చదువుకున్నది.

"అది తప్పు కాదమ్మా, సవరణ," అన్నడు సారు. "కాటా అనేదే సరైన మాట. మా వైపు ఎవరినైనా అడుగు."

"మీ దిక్కు అడుగుత సార్. గాని లారీలు మా దిక్కున్నయ్."

సున్న దాని జాగల పెట్టి మిల్లుకు పంపిన. జర సేపటికి సేటు ఫోన్ చేసిండు, వెనకకెల్లి నా గొంతు బండ్లను పిలుస్తుంది. సారు హాయిగ కుర్చీల ఒరిగి, "సరిచేశామండీ" అన్నడు. పిల్ల దిక్కు చూసి, దిక్కులేనిదానికి అన్నం పెట్టినట్టు, "సరేలే, రేపటి నుంచి వచ్చేయ్, ఉంచుతున్నా" అన్నడు.

నేను నోరు తెరవబోయిన. పిల్ల నాకంటె ముందే లేసి సారు టేబుల్ ముంగట నిలవడ్డది.

"సార్, ఫోన్ పెట్టేయకుండ్రి. నేను కాదని చెప్పుండ్రి."

సారు ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టిండు. "పని అయిపోయింది కదమ్మా."

"మీకు అయిపోయింది సార్. మా నాయన ఇంక మిల్లులనే ఉన్నడు."

పిల్ల అక్కడికెల్లి జరగలే. సారు నన్ను చూసిండు, నేను కిటికీల కెల్లి ఎరువుల బస్తాలు దించుడు చూస్తున్న. సారు ఫోన్ మీదికెల్లి చెయ్యి తీసిండు. "ఆ... ఇందాక చెప్పానే, ఆ అమ్మాయి కాదండీ. మా దాంట్లోనే చిన్న పొరపాటు."

"మీ దాంట్ల అంటే ఎవరిదయ్యా?"

"నాది."

సేటు గట్టిగ నవ్విండు. "ఆ పిల్లను తీసేస్తనంటివి. మరిప్పుడు నిన్ను ఎవరు తీసేయాలె?" అని, ఫోన్ పట్టుకొనే లైన్ దిక్కు తిరిగి త్రిపురారం ఆయనను పిలిసి, మీ బిడ్డ కాదట, వాళ్ల సారేనట అని అందరు ఇనేటట్టు చెప్పిండు. నాకు లోపల లడ్డూ తిన్నంత సంబురమైంది, ఎందుకు దాసుకోవాలె.

పిల్ల ఫోన్ మోగింది. ఈసారి ఆమెనే స్పీకర్ల పెట్టింది, సారుకు ఇనవడాలని పెట్టినట్టే అనుకుంట.

"మరి పొద్దుగాల అడిగితే కాదని ఎందుకు చెప్పలే బిడ్డా?" అన్నడు నాయన.

పిల్ల బ్యాగులకెల్లి టిఫిన్ డబ్బ తీసి టేబుల్ మీద పెట్టింది.

"సారు గంత గట్టిగ చెప్తుంటే," అన్నది, "నేనేనేమో అనుకున్న నాయనా."