అత్త కోసం నేను చేయించిన ప్రార్థన

నాకు నోరు కొంచెం ఎక్కువే, ముందే ఒప్పేసుకుంటున్నాను. మా బాన్సువాడలో బీడీలు చుట్టే ఆడవాళ్ళలో నెమ్మదిగా మాట్లాడేవాళ్ళు తక్కువ. చేతులకు పని ఉంటుంది, నోటికి ఉండదు మరి. పెళ్ళయిన మరుసటి ఏడాది నుంచి నేనూ మా అత్తా ఒకే అరుగు మీద కూర్చుని చుడుతున్నాం. ఆమె తునికాకు కత్తిరిస్తుంది, నేను తంబాకు పెట్టి చుట్టి దారం కడతాను. ఒకరు లేకపోతే ఇంకొకరి పని సగం ఆగిపోతుంది.

నాకు పెద్ద జబ్బు చేసి బతికి బయటపడ్డాక నేనూ మా ఆయనా బాప్తిస్మం తీసుకున్నాం. అత్త తీసుకోలేదు. మీ దేవుడు మీకు, మంచిగా ఉండండి అంది, అంతే. నా ప్రాణం ఒప్పలేదు. మా పాస్టరు అయ్యగారు ఆదివారం నరకంలో ఆరని అగ్ని గురించి చెప్పి, ఊపిరి ఉండగానే పశ్చాత్తాపపడి ప్రభువు వైపు తిరగండి అనేవారు. సోమవారం నేను దానికి నాలుగు మాటలు కలిపి అరుగు మీద అత్తకు వడ్డించేదాన్ని. ఆ నరకంలో సాయంత్రమనేది రాదత్తా, పని ముగించి లేచేది ఉండదు, ఎన్నాళ్ళని అడగడానికి కూడా లేదు అనేదాన్ని. ఆమె ఆకు కత్తిరిస్తూ ఊఁ కొట్టేది. అబద్ధం చెప్పను, అత్త నరకానికి పోతుందనే భయం నాకు నిజంగానే ఉండేది. జబ్బుగా ఉన్నప్పుడు ఆమె కలిపి పెట్టిన అన్నం తిని లేచినదాన్ని నేను. కానీ ఆ భయం నా నోట్లోకి వచ్చేసరికి దెప్పిపొడుపు అయిపోయేది.

మా మందిరంలో ప్రార్థన మనవులని ఒక పద్ధతి ఉంది. పాటలయ్యాక లేచి నిలబడి ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకుంటే అందరూ కలిసి ప్రార్థిస్తారు. నిజం చెప్పాలంటే ఊళ్ళో సగం సంగతులు మాకు తెలిసేది అక్కడే. చివర ఆమేన్ అనేస్తే చాడీ కూడా ప్రార్థన అయిపోతుందని ఒక ధైర్యం. మా ఆయన రాని ఒక ఆదివారం నేను లేచాను. మా అత్త గుండె రాయి, సొంత అన్నతో పంతం పట్టి ఏళ్ళ తరబడి మాట్లాడలేదు, ఆయన చనిపోతే ఆఖరి చూపుకు కూడా పోలేదు, ఇలాంటి మనిషి మారుమనస్సు పొందకపోతే గతేమిటి, ఆమె కోసం ప్రార్థించండి అన్నాను. అందరూ అయ్యో అన్నారు. నేను కళ్ళు తుడుచుకుని కూర్చున్నాను, బాగా చెప్పాననే అనుకున్నాను.

ఆ అన్న సంగతి అత్త నాకొక్కదానికే చెప్పింది. అదీ ఒకేసారి, జల్లు కొట్టి అరుగు తడిసి మేమిద్దరం లోపల కూర్చున్న రోజు, ఏడుస్తూ. మాటల్లేవన్నంత వరకే మా ఆయనకు తెలుసు, తప్పు తనదేనని ఆమె ఏడ్చిన సంగతి తెలియదు.

నస్రుల్లాబాద్ నుంచి మా మందిరానికి వచ్చే ఒకామె సంతలో అత్తను పలకరించింది. పాపం, మంచి మనిషే. మీ అన్న విషయంలో మేమంతా ప్రార్థన చేస్తున్నాం, ఫికర్ పెట్టుకోకు అని ధైర్యం చెప్పానని ఆమే తర్వాత నాతో అంది. మర్నాడు అత్త తన చాట తీసుకుపోయి అరుగు అవతలి చివర కూర్చుంది. తనకు సరిపడా ఆకు మాత్రమే కత్తిరించుకుంది. నా ఆకు నేనే కత్తిరించుకుంటే ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు. కార్ఖానాలో సగం బీడీలు పక్కన పడేశారు. రెండు వారాలు ఇంట్లో మాటల్లేవు. ఏమైందని అడిగిన పాపానికి మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అందరం రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. రొట్టె ఇచ్చే ముందు, ఎవరితోనైనా తగాదా ఉంటే పోయి సరిచేసుకుని రండని అయ్యగారు ఎప్పుడూ అంటారు. ఏళ్ళుగా వింటున్న మాటే. ఆ రోజు పళ్ళెం నా వరసకు వస్తే నా చెయ్యి లేవలేదు. ఇన్నాళ్ళూ పశ్చాత్తాపం అన్న మాట వినబడితే చాలు, నాకు మా అత్త మొహమే గుర్తొచ్చేది. నా మొహం ఒక్కసారీ గుర్తు రాలేదు. లేచి చెప్పులు వేసుకుని ఇంటి దారి పట్టాను. అందరూ చూశారు, చూడనీ.

అత్త అరుగు మీద ఒక్కతే ఉంది. కాళ్ళ దగ్గర కూర్చుని, తప్పయిందత్తా అన్నాను. ఇంకా ఏదో చెప్పబోతే ఆపింది.

"నరకం ఉన్నదో లేదో నాకెర్క లేదు బిడ్డా. గని నువ్వు గా ముచ్చట చెప్పినప్పుడల్లా నీ మొకంల ఖుషి కనబడ్తుండె."

చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆమె అన్నది నిజం. ఆ వాన రోజు ఆమె ఏడ్చిందే, పశ్చాత్తాపమంటే అదే కదా, నా కళ్ళ ముందే జరిగితే నేను దాన్ని రాతి గుండె అని పదిమందిలో చెప్పుకొచ్చాను. వెక్కి వెక్కి ఏడ్చాను. కాసేపు ఏడవనిచ్చి, మీ రొట్టె అయిపోయిందా అని అడిగింది. అయిపోయే ఉంటుందన్నాను. అయితే వచ్చే నెల తిందువులే, ముందు మొహం కడుక్కో అని లోపలికి పోయి చాయ్ పెట్టింది.

మళ్ళీ ఆమె కత్తిరిస్తోంది, నేను చుడుతున్నాను. హాయిగా ఉంది. అయ్యగారు చెప్పేదంతా ఇప్పటికీ నమ్ముతాను, అత్త గురించి భయం ఇప్పటికీ ఉంది. ఆమె కోసం రోజూ ప్రార్థిస్తాను, కానీ లోలోపలే. మనవుల వేళ మాత్రం నోరు మూసుకుని కూర్చుంటాను, అది నాకెంత కష్టమో ఆ ప్రభువుకే తెలుసు.

మొన్న ఆకు కత్తిరిస్తూ తనే అడిగింది, చచ్చిపోయినవాళ్ళకు చేసిన తప్పును కూడా మీ దేవుడు మాఫ్ చేస్తాడా అని. చేస్తాడన్నాను. ఇంకో నాలుగు ఆకులు కత్తిరించి, ఈ ఆదివారం నీతో వస్తానంది. నాకు సంతోషం ఆగలేదు. అయ్యగారితో చెప్పి నీ కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేయిస్తానని మొదలుపెట్టాను. కత్తెర ఆపి నా వంక చూసింది.

"మా అన్న ముచ్చట నీ దేవునికి నేనే చెప్పుకుంట. నువ్వు నడుమ రాకు."